ఎనిమిది దెబ్బల ఖాళీ

సినిమా పేరు చెప్పను. చెబితే మీరు ఫోను తీసి వెతుకుతారు, పాటలు దొరుకుతాయి, వింటూ కూర్చుంటారు, నేను చెప్పేది గాలికి పోతుంది. పైగా నేను చెప్పబోయే మూడు నిమిషాల వాయిద్యం ఫోనులో దొరకదు. వెతికే చెబుతున్నాను. సినిమాలో పేర్లు పడేటప్పుడు వచ్చేది అది. టీవీ వాళ్ళు పేర్లు కోసేసి నేరుగా కథలోకి దూకుతారు కాబట్టి అక్కడా వినపడదు. అది ఉన్నది క్యాసెట్‌లో, రెండో వైపు, పాటలన్నీ అయిపోయి మనం తీసేయబోయే చోట. నాకు తెలిసి ఆ క్యాసెట్ ఇప్పుడు ఒక్కటే ఉంది. ఆలూరుకు తొమ్మిది కిలోమీటర్లలో మా ఊళ్ళో, ఉరుకుందప్ప మామ ఇంట్లో, గూట్లో దేవుడి పటం పక్కన.

నా పేరు జావేద్. ఆలూరు బస్టాండు ఎదురుగా మైకుసెట్లు, స్పీకర్లు బాగుచేసే అంగడి నాది. కానీ ఊళ్ళో నన్ను ఆ పేరుతో పిలిచేది మా ఇంటావిడ సాజియా ఒక్కతే. అదీ కోపం వచ్చినప్పుడు. మిగతా అందరికీ నేను ‘టింగు’. ఆ పేరు పెట్టింది ఉరుకుందప్ప మామే. మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. మా ఊళ్ళో వాళ్ళు మాకు, మేము వాళ్ళకు అన్నలమూ మామలమూ అయి ఎన్ని తరాలైందో ఎవరూ లెక్క పెట్టుకోలేదు.

మామకు నాలుగెకరాల మెట్ట, ఒక ట్రాక్టరు. పగలు అవి. సాయంత్రం చెక్కభజన గురువు. మా జిల్లా పశ్చిమాన చెక్కభజన లేని ఊరు అరుదు. చేతిలో ఇత్తడి బిళ్ళలు పొదిగిన జత చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, పన్నెండు మంది గుండ్రంగా తిరుగుతూ ఆడుతూ పాడతారు, మధ్యలో గురువు నిలబడి నడిపిస్తాడు. గురువు చెక్క పడితే అందరి చెక్కలూ పడాలి. మిగతా ఊళ్ళ గురువులు సినిమా పాట బాణీకి రాముడి మాటలు అతికించి నేర్పేవాళ్ళు. మా మామకు అది నచ్చలేదు. ఆయన మాటలే లేని ఆ మూడు నిమిషాల వాయిద్యాన్ని తీసుకుని, పన్నెండు మంది మగవాళ్ళ నోళ్ళలో, చెక్కల్లో, కాళ్ళలో పెట్టాలనుకున్నాడు. పిచ్చి కాదా అంటే పిచ్చే.

ఆ పిచ్చి ట్రాక్టరు మీద పట్టింది. దున్నేవాడికి పని చేతులకే, చెవులు ఖాళీగా ఉంటాయి. ఒక శనగ పంట కాలంలో, ట్రాక్టరు టేపులో వేసుకోవడానికి ఆ క్యాసెట్ తప్ప ఇంకోటి లేక, ఆ మూడు నిమిషాలు ఎన్ని వందలసార్లు విన్నాడో. వినీ వినీ దాన్ని నూలు కండెలా విప్పేశాడు.

మొదట ఘటం ఒక్కటే వస్తుంది, తొందర లేకుండా. నాలుగు దెబ్బలయ్యాక దాని కిందికి ఒక లావు తీగ చేరుతుంది. దాన్ని డబుల్ బేస్ అంటారని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. మామ పెట్టిన పేరు ‘పెద్దాయప్ప’. ‘ఆయప్ప పాట పాడడు, పాట కింద నడుస్తాండాడు. ఆయప్ప నడవకుంటే పైన ఎగిరేటోళ్ళందరూ కింద పడ్తారు’ అనేవాడు. ఆ స్థానం మా నాయన మదార్ సాహెబ్‌ది. మా నాయనకు రాగం రాదు, గొంతు మాత్రం బావిలోంచి వచ్చేది.

తర్వాత వయొలిన్లు. మనబోటి వాళ్ళకు వయొలిన్లంటే ఒక మంద. మామ దాన్ని విడదీశాడు. ‘ఆరుమంది ఉండారు రా. నలుగురు మాట చెప్తాండారు, ఇద్దరు ఊ కొడ్తాండారు. మాట చెప్పేటోళ్ళని ఎవురైనా ఇంటారు. ఆ ఊ కొట్టే ఇద్దర్ని ఇను ఒగ దినం, నీకు నిద్ర పట్టదు.’ వినడం మొదలుపెట్టాక నిజంగానే ఆ ఇద్దరే వినపడటం మొదలైంది. ఇప్పటికీ ఏ పాట పెట్టినా నా చెవి ముందు ఊ కొట్టేవాళ్ళ దగ్గరికే పోతుంది. గాయకుడు ఎవరో చివర గుర్తొస్తాడు.

రెండు తబలాలు, పేరు తెలియక మామ ‘ముక్కుపిల్లంగ్రోవి’ అని పిలిచే ఒక వాయిద్యం, అన్నిటి చివరా సన్నగా ఒక ఇనప చప్పుడు. టింగు. అది నేను. పన్నెండు మంది లెక్క అక్కడికి సరిపోయింది.

మూడు నిమిషాల్లో నాకు నాలుగే దెబ్బలు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, కొత్త ప్యాంటు వేసుకుని గజ్జెలు కట్టుకుని వచ్చేవాణ్ణి. నాలుగు దెబ్బల కోసం ఇంత ముస్తాబా అని జనం నవ్వేవాళ్ళు. నాకు తబలా ఇమ్మని గొడవ పెట్టుకున్నాను. మామ తిట్టలేదు. ‘ఈ పొద్దు నువ్వు ఆడద్దు. పోయి జనంలో కూచో’ అన్నాడు. కూర్చున్నాను. తేడా ఏమీ తెలియలేదని చెబుదామని మాట కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ రెండో చోట, వయొలిన్లు పైకెక్కి దిగబోయే ముందు, నా చెయ్యి దానంతటదే లేచింది. ఆ చప్పుడు పడలేదు. పప్పులో ఉప్పు మరిచినట్టు అయింది నాకు. మరుసటి రోజు నోరెత్తకుండా నా నాలుగు దెబ్బల దగ్గరికి వచ్చాను. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాను.

ఇదంతా ఒక ఎత్తు, ఖాళీ ఒక ఎత్తు. రెండో నిమిషం దాటాక అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. వయొలిన్లు, తబలా, ఘటం, మా నాయన, అందరూ. ఎనిమిది దెబ్బల కాలం ఏమీ లేదు. తొమ్మిదో దెబ్బ మీద అందరూ కలిసి పడతారు. ఇలా మూడుసార్లు. మామ దృష్టిలో ఆ సంగీత దర్శకుడి గొప్పంతా ఆ ఖాళీలోనే ఉంది. ‘వాయించేది ఎవురైనా వాయిస్తారప్పా. అంతమంది వాయిద్యగాళ్ళని కూచోబెట్టుకోని, ఊరికే ఉండండి అనేదానికి గుండె కావల్ల. ఈ ఎనిమిది దెబ్బల్లో ఎవుని గజ్జె కదిలినా కాలు ఇరగ్గొడ్తా.’

కదిలేవి కాదు. పన్నెండు జతల చెక్కలు పైకెత్తి, ఒక కాలు మడిచి, బొమ్మల్లా నిలబడేవాళ్ళం. చూసేవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. పక్క ఊళ్ళ గురువులు ఆ ఖాళీ చూడటానికే వచ్చేవాళ్ళు. ‘ఉరుకుందప్ప ఖాళీ’ అని దానికి పేరు కూడా పడింది. మనిషికి ఒక ఖాళీతో పేరు రావడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన భార్య రామేశ్వరమ్మ ఆదోని మనిషి. వాళ్ళమ్మ అక్కడొక సినిమా హాలు ముందర బొరుగులు, శెనక్కాయలు అమ్మేది. అత్త మాట పదును, నవ్వు ఇంకా పదును. ఆమె గురించి చెప్పాలంటే ఆత్మకూరు పోటీల సంగతి చెప్పాలి.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. జిల్లా చెక్కభజన పోటీలు. మా ఊరి నుంచి లారీ కట్టుకుని పోయాం, ఆడవాళ్ళు కూడా వచ్చారు. మొదటి బహుమతి ఆవుదూడ. అది మాదేనని బయల్దేరేటప్పుడే దానికి పేరు పెట్టుకున్నాం. అంతా బాగా నడిచింది. మొదటి ఖాళీ వచ్చింది. పన్నెండు మందిమి బిగుసుకుని నిలబడ్డాం. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక కూనిరాగం లేచింది. సన్నగా మొదలై, పైకి పోయి, మెలిక తిరిగి కిందికి దిగింది. రామేశ్వరమ్మ అత్త. ఆమెకు తను పాడుతున్నట్టు కూడా తెలియదు, కళ్ళు మూసుకుని ఊగుతోంది. జనం పకపకా నవ్వారు. మా ముక్కుపిల్లంగ్రోవి కూడా నవ్వి కాలు దించేశాడు.

మామ చెక్కలు కిందేసి, ఎదురుగా మైకు ఉందన్న సంగతి కూడా మరిచి, ‘నోరు మూసుకోయే! ఆడ ఏమీ ల్యాదు! ఏమీ తెలీని మొగమా!’ అని అరిచాడు. మైకులో పడ్డ మాట ఆత్మకూరంతా వినపడింది. మాకు మూడో బహుమతి వచ్చింది. ఒక స్టీలు బిందె.

ఆ రోజు నుంచి అత్త భజనకు రాలేదు. అలిగి పుట్టింటికి పోలేదు, మాట్లాడటం మానలేదు, వంట మానలేదు. మామ గజ్జెలు కట్టుకునే సాయంత్రాల్లో మాత్రం కొట్టంలో ఎనుముల దగ్గరికి, అంటే గేదెల దగ్గరికి, పోయేది. అంతకు ముందు రొట్టెలు తట్టేటప్పుడు ఏదో ఒక రాగం తీసేది. అదీ పోయింది. ఆ బిందెతోనే ఇరవై ఏళ్ళూ నీళ్ళు మోసింది. మామ ఆ బిందె వైపు చూసేవాడు కాదు. నాకు అప్పుడు అవన్నీ పట్టలేదు, ఆవుదూడ పోయిందన్న ఏడుపులో ఉన్నాను.

ఇక ఈ ఏటి సంగతి. మామకు మోకాళ్ళు అరిగాయి. ట్రాక్టరు అమ్మేశాడు. ఉగాదికి ఆంజనేయస్వామి గుడి ముందర ఆఖరిసారి ఆ వాయిద్యం ఆడి, చెక్కలు పక్కన పెట్టేస్తానని అన్నాడు. పాత పన్నెండు మందికీ కబురు పెట్టాడు. ట్రాక్టరు అమ్మేముందు అందులోని టేపు ఊడబీకి, సంచిలో పెట్టుకుని, ఉగాదికి నెల ముందు నా అంగడికి వచ్చాడు.

‘టింగూ, దీన్ని ఇంట్లో పెట్టుకోని ఇనేటట్ల చేసియ్యి. ఆఖరిసారి కదా, బాగా ఇనల్ల.’

లోపలి పట్టీ తెగింది, మార్చాను. ట్రాక్టరులో ఉన్న పాత స్పీకరు చినిగిపోయింది. అంగడిలో పరీక్ష కోసం నేను వాడే రెండు స్పీకర్లుంటాయి, గల్లాపెట్టెకు అటొకటి ఇటొకటి. టేపుకు వెనక రెండు జతల వైర్లున్నాయి కాబట్టి అలవాటుగా రెండూ తగిలించాను. మామ స్టూలు మీద టీ గ్లాసుతో కూర్చున్నాడు. నేను క్యాసెట్ వేశాను.

ఘటం. పెద్దాయప్ప. వయొలిన్లు. నా టింగు. మామ తల ఊపుతున్నాడు. ఖాళీ వచ్చింది. ఎడమ స్పీకరు ఆగిపోయింది.

కుడి స్పీకరులోంచి షెహనాయి వచ్చింది.

సన్నగా మొదలై, పైకి పోయి, మెలిక తిరిగి కిందికి దిగింది. సరిగ్గా ఎనిమిది దెబ్బలు. తొమ్మిదో దెబ్బ మీద ఎడమవైపు వాళ్ళందరూ పడ్డారు. అంతకు ముందు వయొలిన్లు అడిగిందంతా ఒక ప్రశ్న, దానికి ఇది జవాబు. జవాబు వినడానికే వాళ్ళు ఆగారు.

‘ఆపు’ అన్నాడు మామ. ఆపాను. ‘ఇది వేరే క్యాసెట్టు.’

‘నీదే మామా.’

‘నువ్వేదో కలిపినావు.’

‘నేను యాడ కలిపేది? నాకు షెహనాయి వచ్చునా?’

‘పక్క అంగట్లో టీవీ పెట్టినారేమో సూడు.’

పక్క అంగడి ఎరువుల కొట్టు. అక్కడ టీవీ లేదు. అయినా లేచి వెళ్ళి చూసి వచ్చాడు. నేను వెనక్కి తిప్పి కుడి వైరు పీకాను. ఆయన ఖాళీ ఆయనకు వచ్చింది. మళ్ళీ తిప్పి ఎడమ వైరు పీకాను. రెండు నిమిషాలు దాదాపు ఏమీ లేదు, ఎక్కడో వీణ లాంటిది రెండు మాటలు అన్నది. ఆ తర్వాత షెహనాయి వచ్చింది. కుడివైపు వాడికి పని నాకంటే కొంచెమే ఎక్కువ. నాకు వాడి మీద వెంటనే అభిమానం కలిగింది.

అప్పుడు మామకు స్పీకరు సంగతి గుర్తొచ్చింది. ఆ టేపు కొన్న ఏడాదే అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. టేపుకు స్పీకర్లు రెండు. ఒక పాటకు రెండు నోళ్ళు ఎందుకని పెద్దమనుషులు ఒకటి మామకు, ఒకటి తమ్ముడికి పంచారు. తమ్ముడు దాన్ని రేడియోకు తగిలించుకున్నాడు. ఎవరికీ అన్యాయం జరగలేదని అందరూ సంతోషించారు. ఈ క్యాసెట్ కొన్నది ఆ తర్వాత. ముప్పై ఏళ్ళు మా మామ కొలిచింది, నేర్పింది, కాళ్ళు ఇరగ్గొడతానని బెదిరించి కాపాడింది, ఎడమవైపు సగం.

‘మరి సినిమా చూసినావు కదా మామా?’

‘ఆలూరు హాల్లో చూస్తి. పేర్లు పడేటప్పుడు ఈలలు, కాగితాలు ఎగరేసేది. ఏమి ఇనపడ్తాది?’ అన్నాడు. టీ మీద మీగడ కట్టింది. ‘ఆ షెహనాయి నేను ఇన్నా రా. యాడో ఇన్నా.’

నాకు అప్పటికే తెలుసు. ఆత్మకూరులో. ఆయన మొహం చూస్తుండగానే ఆయనకూ తెలిసింది. స్టూలు మీంచి లేచి, టేపు వదిలేసి, ఒక కాలి చెప్పు ఇంకో కాలికి వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

వారం రోజులు కబురు లేదు. ఎనిమిదో రోజు నేనే టేపూ రెండు స్పీకర్లూ పట్టుకుని ఊరికి పోయాను. మామ అరుగు మీద ఉన్నాడు. నన్ను చూడగానే గొంతు తగ్గించి, ‘నువ్వు చెప్పు మీ అత్తకు’ అన్నాడు.

‘ఏం చెప్పాల?’

‘అదే. ఆడ ఉండాదని.’

‘నువ్వు చెప్పలేదా?’

‘జిలేబీ తెస్తి’ అన్నాడు.

అత్త లోపల ఎర్రగడ్డలు కోస్తోంది. నేను చెప్పకముందే, ‘ఏమప్పా టింగూ, మీ గురువుకు ఏమైనాది? ఏడు దినాల్ల నుండి జిలేబీ తెస్తాండాడు. నాకు పండ్లు నొస్తాండాయి’ అన్నది. నేను స్పీకర్లు తగిలించి క్యాసెట్ వేశాను. షెహనాయి వచ్చినప్పుడు ఆమె కత్తి ఆగింది. అంతే, మళ్ళీ కోయడం మొదలుపెట్టింది.

‘నాకు కొత్తనా ఇది? మా అమ్మ బొరుగులు అమ్మే హాల్లో కొత్తగా రెండు పక్కలా స్పీకర్లు పెట్టినారు. ఆడోళ్ళ పక్క కుడి గోడ. ఆ గోడకానుకోని నలభై దినాలు ఆ సినిమా చూస్తి. ఆ షెహనాయి నా తల మీదనే వాయించేది. పెండ్లయిన కొత్తల్లో చెప్తి మీ మామకు, ఆడ ఒగటి వస్తాదయ్యా అని. ఆడోళ్ళకు ఏం తెలుస్తాది మ్యూజిక్కు అన్యాడు.’

‘మామ తప్పు ఒప్పుకుంటాండాడు అత్తా. ఉగాదికి నువ్వొచ్చి పాడల్ల.’

‘యాడ ఒప్పుకుంటాండాడు? వంటింట్లో, జిలేబీతోనా?’ ఎర్రగడ్డల వల్లనో ఏమో కళ్ళు తుడుచుకుంది. ‘నోరు మూసుకోమన్నది మైకులో. అంతమంది ముందర. చెప్పేది ఉంటే ఆడనే చెప్పమను. లేకుంటే ఆయప్ప ఖాళీ ఆయప్పకు, నా ఎనుములు నాకు.’

మామ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఊళ్ళన్నీ ఆయన్ను మెచ్చుకునేది ఆ ఖాళీ కోసమే. అది గొప్ప కాదు, స్పీకరు లేకపోవడమని మైకులో చెప్పడమంటే, ముప్పై ఏళ్ళ పేరును తన చేత్తో తీసి చెత్తలో వేసుకోవడమే.

కాబట్టి మనిషి అడ్డదారులు వెతికాడు. ఒక నాదస్వరం ఆయన్ను పిలిపించాడు. ఆయన ఎనిమిది దెబ్బలకు వచ్చే మాటను ఇరవై దెబ్బలకు సాగదీసి, చివర పెళ్ళి వాయిద్యంలో దింపాడు. నేను స్పీకరు పెట్టి ఆ ఒక్క ముక్కా వినిపిస్తానన్నాను. ‘పన్నెండు మంది మనుషుల మధ్యలో డబ్బా పెడ్తావా?’ అని కసిరాడు. ఎనుముల కొట్టం వెనక నిలబడి తనే కూనిరాగం తీస్తూ నాకు దొరికిపోయాడు. పైకి పోయేది వస్తోంది, దిగేది రావడం లేదు. ఎనుము కూడా తల తిప్పి చూసింది.

ఉగాది సాయంత్రం ఎండ దిగాక గుడి ముందర నీళ్ళు చల్లారు. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు, ఆఖరి ఖాళీ చూడాలని. మేం పన్నెండు మందిమి పొట్టలు దాచుకుంటూ గజ్జెలు కట్టుకున్నాం. మా నాయనకు డెబ్బై ఐదు. కుర్చీలో కూర్చుని పాట కింద నడిచే పెద్దాయప్పను మీరెవరూ చూసి ఉండరు. అత్తను సాజియా లాక్కొచ్చింది. ఆమె ఆడవాళ్ళలో చివర, వెళ్ళిపోవడానికి వీలుగా, చెప్పులు విడవకుండా నిలబడింది.

మామ మధ్యలోకి వచ్చాడు. ఎప్పుడూ చెక్కలు ఎత్తేవాడు. ఆ రోజు మైకు ఎత్తాడు.

‘ఒగ మాట చెప్పల్ల’ అన్నాడు. ‘మీరందరూ ఉరుకుందప్ప ఖాళీ అంటారు. ఆడ ఖాళీ ల్యాదు. ఆడ షెహనాయి ఉండాది. నాకుండేది ఒగటే స్పీకరు కాబట్టి నాకు ఇనపడల్యా. ఇనపడనోడు ఊరికే ఉండల్ల. నేను ఊరికే ఉండకుండా, ఇనపడిన మనిషి నోరు మూపిస్తి. ఆత్మకూరులో, మైకులో. ఆ యమ్మ పాడింది సరిగ్గా ఉన్నెది. తప్పు నాది. ఇన్నేండ్లూ మీకు సగమే నేర్పినా.’

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్క ఊరి గురువు ఒకాయన తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. మామ మైకు పక్కన పెట్టి చెక్కలు అందుకున్నాడు.

మొదలుపెట్టాం. ఘటం, పెద్దాయప్ప, వయొలిన్లు, ఊ కొట్టే ఇద్దరు. మొదటి ఖాళీ వచ్చింది. పన్నెండు మందిమి నిలబడ్డాం. ఎనిమిది దెబ్బలూ గడిచాయి. ఆడవాళ్ళ వైపు నుంచి ఏమీ రాలేదు. తొమ్మిదో దెబ్బ మీద మామ చెక్క పడింది, మేమూ పడ్డాం.

రెండో ఖాళీ. మామ కళ్ళు మూసుకుని తనే అందుకున్నాడు. పైకి పోయాడు, అక్కడ చిక్కుకుని దిగడం తెలియక ఇంకా పైకి పోయాడు. జనం నవ్వారు. ఆయన ఆపలేదు. ఆత్మకూరులో అత్త మీద పడ్డ నవ్వు ఇప్పుడు ఆయన మీద పడుతోంది, ఆయన నిలబడి పడనిచ్చాడు.

‘అట్ల కాదయ్యా! ఆడ దిగల్ల!’ అని వెనక నుంచి అత్త గొంతు. జనం తిరిగి చూశారు. ఆమె చెప్పులు విడిచి, ఆడవాళ్ళను తోసుకుంటూ ముందుకు వస్తోంది.

మూడో ఖాళీ వచ్చింది. అన్నీ ఆగిపోయాయి. ఒక దెబ్బ కూడా దాటకముందే ఆమె అందుకుంది. గొప్ప గొంతు కాదు. ఇరవై ఏళ్ళు వాడని గొంతు, మొదట జీర పోయింది. తర్వాత సన్నగా పైకి లేచి, మెలిక తిరిగి, మామ ఎప్పటికీ దిగలేని చోట మెల్లగా దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏడు, ఎనిమిది. తొమ్మిదో దెబ్బకు మేము పన్నెండు మందిమి చెక్కలెత్తి మామ వైపు చూశాం.

మామ చెక్క పడలేదు.

ఎవడి గజ్జె కదిలినా కాలు ఇరగ్గొడతానన్న మనిషి, ముప్పై ఏళ్ళలో ఒక్క దెబ్బ తప్పని మనిషి, చెక్కలు గాల్లో పట్టుకుని ఆమె వైపు చూస్తూ నిలబడిపోయాడు. అత్త ఒక్క క్షణం చూసింది. మళ్ళీ మొదటి నుంచి ఎనిమిది దెబ్బలూ పాడింది, ఈసారి ఇంకా బాగా. అయినా ఆయన కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

‘చూస్తావేమయ్యా?’ అన్నది అత్త. ‘ఎత్తుకో.’

అప్పుడు కొట్టాడు. అందరం పడ్డాం. నా నాలుగో టింగు ఆ తర్వాతే వస్తుంది. అది కొట్టానో లేదో నాకిప్పటికీ గుర్తులేదు.